ఇంటి నుంచి జాజ్ కచేరీ.. వీడియోకి మార్కులెలా?

సంగీతంలో డిగ్రీ చేసేవాళ్లకు అసలు పరీక్ష ప్రశ్నపత్రం కాదు, కచేరీ. అమెరికా, బ్రిటన్ కాలేజీల్లో దాన్ని రిసైటల్ అంటారు. జాజ్ విద్యార్థి అయితే ఇద్దరు ముగ్గురు పక్కవాద్యకారులను వెంటబెట్టుకుని సాధారణంగా అరగంట నుంచి గంట దాకా వేదిక మీద వాయించాలి. ఎదురుగా అధ్యాపకుల జ్యూరీ కూర్చుంటుంది. పొరపాటు దొర్లిందని ఆపి మళ్లీ మొదలుపెట్టడం కుదరదు.

2020 మార్చిలో కరోనా దెబ్బకు క్యాంపస్‌లు మూతపడ్డాక ఈ పద్ధతి తలకిందులైంది. చివరి సెమిస్టర్లో ఉన్నవాళ్లలో చాలామంది పడగ్గదిలోనో, గ్యారేజీలోనో వాయించి, వీడియో పంపి గట్టెక్కారు. ఆపద్ధర్మం, ఏడాదిలో పోతుందిలే అనుకున్నారంతా. క్యాంపస్‌లు తెరుచుకున్నాయి కానీ వీడియో మాత్రం పోలేదు. బ్రిటన్‌కు చెందిన ఏబీఆర్‌ఎస్‌ఎం 2020లో తెచ్చిన రికార్డెడ్ పర్ఫార్మెన్స్ గ్రేడ్లు, ట్రినిటీ కాలేజ్ లండన్ డిజిటల్ పరీక్షలు అలాగే నిలిచిపోయాయి. అమెరికాలో పేరున్న జాజ్ విభాగాలు చాలావరకు ముందు వీడియో చూశాకే ఆడిషన్‌కు పిలుస్తాయి. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాల (కాలిఫోర్నియాలోని బర్కిలీ వర్సిటీ కాదు, మనవాళ్లు తరచూ పొరబడతారు) అయితే 2014 నుంచే ఆన్‌లైన్లో బ్యాచిలర్ డిగ్రీ ఇస్తోంది.

దీనికి వీసాల గొడవ తోడైంది. 2025 మే చివర్లో అమెరికా విద్యార్థి వీసాల కొత్త అపాయింట్‌మెంట్లను కొన్ని వారాలు ఆపేసింది. అప్పుడు హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లలో నిద్ర కరవైందో చెప్పక్కర్లేదు. విమానం ఎక్కడం మన చేతుల్లో లేనప్పుడు, ఇంట్లో కూర్చుని పంపే వీడియోకి విలువ పెరుగుతుంది. సీటు, స్కాలర్‌షిప్, ఒక్కోసారి డిగ్రీ మార్కులు కూడా దాని మీదే ఆధారపడతాయి. మరి ఆ వీడియో కొలిచేది సంగీతాన్నా, మీ గదినా?

జవాబు చెప్పేది కాంతివేగం

జాజ్‌లో రాసిపెట్టుకున్న స్వరం తక్కువ. 12 బార్ల బ్లూస్ అనో, 32 బార్ల పాట అనో ఒక చట్రం ఉంటుంది. మన తాళావర్తనం లాగా అది తిరుగుతూనే ఉంటుంది, దాని మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవాలి. శాక్సఫోన్ ఓ చిన్న పలుకు వదిలితే పియానో అందుకోవాలి, డ్రమ్స్ ఔననాలి. గాత్రం పాడిన కల్పనస్వరాలకు వయొలిన్ బదులిచ్చినట్టే. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, రిమెంబర్ శక్తి బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి వాయించిన వీడియోలు దొరికితే చూడండి. చేతులతో సమానంగా కళ్లూ పనిచేస్తుంటాయి. జ్యూరీ వెతికేది కూడా ప్రధానంగా అదే. మీరు పక్కవాళ్లను వింటున్నారా లేదా అని.

నెట్‌లో దూరంగా ఉన్నవాళ్లతో కలిసి వాయిస్తే సరిపోతుంది కదా అంటారా? లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్ నుంచి బోస్టన్‌కు భూమి ఉపరితలం మీద అతి దగ్గరి దారిలో కొలిచినా 12,600 కిలోమీటర్ల పైచిలుకు. ఫైబర్ కేబుల్లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే కేబుల్ ఎక్కడా మెలిక తిరగకపోయినా మీ స్వరం అక్కడికి చేరడానికి 63 మిల్లీసెకన్లు. జవాబు వెనక్కి రావడానికి ఇంకో 63. నిజం కేబుళ్లు సముద్రాలు చుట్టి వెళ్తాయి కాబట్టి ఇంకా ఎక్కువే. కలిసి వాయించేవాళ్లకు ఆలస్యం 25-30 మిల్లీసెకన్లు దాటితే తాళం జారడం మొదలవుతుంది. పది మీటర్ల దూరంలో ఉన్న మనిషి నుంచి గాలిలో శబ్దం రావడానికి పట్టే సమయం సుమారు అంతే. జాజ్‌లో నిమిషానికి 200 బీట్ల వేగం మామూలు. అప్పుడు ఒక్కో బీటు 300 మిల్లీసెకన్లు. స్వింగ్ నడకలో బీటు చివరి మూడో వంతు కీలకం, అంటే 100. అందులో 63 ప్రయాణానికే పోతే ఇంక స్వింగ్ ఎక్కడిది? ఎంత ఖరీదైన నెట్ ప్యాకేజీ పెట్టించినా ఇది మారదు.

దగ్గరి ఊళ్ల సంగతి వేరు. స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన జాక్‌ట్రిప్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో, వైఫై కాకుండా కేబుల్ తగిలించుకుని, హైదరాబాద్‌లోనే రెండు ఇళ్ల మధ్య రిహార్సల్ చేసుకోవచ్చు. జూమ్ మాత్రం మాటల కోసం తయారైంది. సాగదీసిన స్వరాన్ని అది మోతగా లెక్కేసి అణిచేస్తుంది. గురువుకి వినిపించడానికి వాడితే సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయడం మరవొద్దు.

పియానో చివర్లో

మిగిలిన దారి పొరలు పొరలుగా రికార్డు చేయడం. జాజ్‌కు ఇదేం అంటరానిది కాదు. సిడ్నీ బెషే 1941లోనే ఆరు వాద్యాలు తానే వాయించి ఒక రికార్డుగా పేర్చాడు. బిల్ ఎవాన్స్ 1963లో మూడు పియానో పొరలతో చేసిన ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. అయితే వాళ్లు మాట్లాడుకున్నది తమతో తామే. మీ బేసిస్టు ముంబయిలో, డ్రమ్మర్ బెంగళూరులో ఉంటే పరిస్థితి అది కాదు. ఒకరు పంపిన ఫైల్ మీద ఇంకొకరు వాయిస్తారు. మొదట వాయించినవాడికి తర్వాతివాళ్లు ఏం చేస్తారో తెలియదు.

అందుకే వరస ముఖ్యం. ముందు పియానోతో కేవలం గుర్తుల కోసం ఒక గైడ్ ట్రాక్ చేసుకోవాలి. దాని మీద బేస్, తర్వాత డ్రమ్స్, ఆపైన మీ సోలో. ఇప్పుడు ఆ పాత పియానోని తీసి పారేసి, సోలో వింటూ పియానో మళ్లీ కొత్తగా వాయించాలి. వీలైతే డ్రమ్మర్ చేత కూడా ఇంకోసారి. ఈ రెండో విడత శ్రమ పడలేక చాలామంది గైడ్‌నే ఉంచేస్తారు. వినగానే దొరికిపోతారు. సోలో ఉరకలేస్తుంటే పియానో మాత్రం పట్టనట్టు తన దారిన తాను పోతుంటుంది. మెట్రోనోమ్ కూడా ప్రతి బీటుకీ టిక్కు టిక్కుమంటే వాయింపు బిగుసుకుపోతుంది. 2, 4 బీట్ల మీద మాత్రమే పెట్టుకుంటే కాస్త ఊపిరాడుతుంది. నెమ్మదిగా సాగే బ్యాలడ్‌ని పొరల్లో చేయడం అన్నిటికంటే కష్టం, దాన్ని సోలో పియానోతోనో ఇద్దరితోనో చేసుకోండి.

సాంకేతికంగా చూస్తే అందరూ 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లకే కట్టుబడాలి. ఒకరు 44.1లో చేసిన ఫైల్‌ని మార్చకుండా 48గా నడిపిస్తే వేగం, శ్రుతి రెండూ పెరిగిపోతాయి. ప్రతి టేకు ముందూ కెమెరా ఎదుట ఒక చప్పట్లు కొడితే వీడియో, ఆడియో కలపడం తేలిక. ఫోన్‌తో తీస్తే ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్‌తో జాగ్రత్త. బ్రష్షుల సవ్వడిని పెంచేసి, పెద్ద దెబ్బను నొక్కేసి, అన్నీ ఒకే ఎత్తుకి తెస్తుంది. వీలైతే మైకు వేరే ఉండాలి.

ఇంత చెప్పాక కూడా నా ఓటు పొరలకు కాదు. నాలుగు గడుల్లో నలుగురు కనిపించే వీడియో కంటే ఒకే గదిలో ఇద్దరు వాయించింది మేలు. శాక్సఫోన్-పియానో, గిటార్-గాత్రం, ఏదైనా సరే. ఇద్దరే ఉన్నప్పుడు దాక్కోవడానికి చోటుండదు, జ్యూరీకి కావలసింది కళ్లముందే ఉంటుంది. అయితే బృందంలో కనీసం ఇంతమంది ఉండాలని కొన్ని విభాగాలు షరతు పెడతాయి. ముందే మెయిల్ రాసి లిఖితపూర్వకంగా అడిగి పెట్టుకోండి. కోతలు లేని ఒకే టేకు కావాలా, ఒక్కో పాట విడిగా తీయొచ్చా, యాప్‌లు, ప్లే-అలాంగ్ ట్రాకులతో వాయిస్తే ఒప్పుకుంటారా అన్నది కూడా. జేమీ ఎబర్‌సోల్డ్ 1967 నుంచి తెచ్చిన ప్లే-అలాంగ్ రికార్డులతో ఎన్నో తరాలు సాధన చేశాయి. సాధనకు అవి బంగారం. పరీక్షకు మాత్రం తిప్పలే, ఎందుకంటే ఆ బ్యాండు మీరు వాయించేది వినదు.

నలభయ్యో టేకు ఎవరిది?

వీడియో పరీక్షలో అసలు పేచీ ఇక్కడుంది. వేదిక మీద అందరికీ ఒక్కటే అవకాశం. ఇంట్లో ఓపికున్నంత మేర. దీన్ని అడ్డుకోవడానికే ఎడిటింగ్ లేని ఏకబిగి రికార్డింగు అడుగుతున్నారు. ఏబీఆర్‌ఎస్‌ఎం కూడా నాలుగు పాటలూ మధ్యలో ఆపకుండా వాయించాలంటుంది. అయినా నలభై టేకులు తీసి బాగున్నదాన్ని పంపేవాళ్లను ఎవరు పట్టుకుంటారు? నిజానికి జాజ్‌లో ఇది ఎదురు తన్నే ఎత్తు. పదో టేకుకల్లా సోలో బట్టీ పట్టిన పద్యంలా తయారవుతుంది. రోజుకు మూడు టేకులు, అంతకు మించి వద్దు. తడబడి సర్దుకున్న టేకు, తడబాటే లేని నిర్జీవమైన టేకు కంటే జ్యూరీకి ఎక్కువ చెబుతుంది.

ఇంకొకటి గది. అపార్ట్‌మెంట్లో డ్రమ్స్ సెట్టు వేస్తే పై ఫ్లోరువాళ్లు ఊరుకుంటారా? తెల్లవారుజామున చేద్దామంటే గుడి మైకు, పగలు కుక్కర్ విజిల్, సాయంత్రం పెళ్లి డీజే. ఫ్యాన్ ఆపాల్సిందే, మే నెలలో అయితే అదో తపస్సు. పరుపులు, బొంతలు గోడలకు ఆనిస్తే ప్రతిధ్వని తగ్గుతుంది. బట్టలున్న బీరువా తలుపులు తెరిచి పెట్టినా పనిచేస్తుంది. డ్రమ్స్‌కి మాత్రం గంటల లెక్కన స్టూడియో తీసుకోవడమే దారి, ఆ ఖర్చు అందరూ పెట్టలేరు. రికార్డింగు నాణ్యతకు మార్కులు వేయం అని కాలేజీలు చెబుతాయి. చెప్పినవాళ్లు నిజాయితీగానే చెబుతారు కానీ చెవి ఆ మాట వినదు. మంచి మైకులో విన్న శాక్సఫోన్ మంచి శాక్సఫోన్‌లాగే తోస్తుంది. వీడియోతో పాటు పది నిమిషాలు విద్యార్థితో నేరుగా మాట్లాడి, ఒక రాగం లాంటి స్వరవరస ఇచ్చి అప్పటికప్పుడు ఏదైనా వాయించమంటే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. వీడియో మీదే పూర్తిగా ఆధారపడే కాలేజీలు ఆ పది నిమిషాలు ఎందుకు కేటాయించవో అడగాల్సిన ప్రశ్నే.

మీ వరకు చేయగలిగింది, తేదీని వెనక నుంచి లెక్కపెట్టుకోవడం. గడువుకు ఎనిమిది వారాల ముందు పాటల జాబితా తేల్చేయాలి. ఒక బ్లూస్, ఒక బ్యాలడ్, వేగంగా సాగే ఒక బీబాప్ పాట, మీ సొంత రచన ఒకటి ఉంటే జాబితా నిండుగా ఉంటుంది. ఆరు వారాల ముందు ఫోన్‌లో మొత్తం ఒకసారి ఆపకుండా తీసి చూసుకోండి. ఎక్కడ వేగం పెరుగుతోందో, ఎక్కడ ఊపిరి అందడం లేదో అందులోనే తెలుస్తుంది. అసలు రికార్డింగుకు చివరి రోజు కాకుండా కనీసం రెండు వారాల ముందు తేదీ పెట్టుకుంటే కరెంటు పోయినా, డ్రమ్మర్‌కి జ్వరమొచ్చినా మరో రోజుంటుంది. ఫైల్ అప్‌లోడ్ అయ్యాక దాన్ని వేరే ఫోన్లో తెరిచి మొదటి నుంచి చివరి దాకా వినండి. ఆఖరి పాట ముగియగానే కెమెరా దగ్గరికి పరిగెత్తొద్దు. సింబల్ మోత పూర్తిగా ఆగే దాకా, ఐదారు సెకన్లు అలాగే కూర్చోండి.