నవంబరు 19: పూలదండలతో సరిపెట్టొద్దు

1977 నవంబరు 19, శనివారం. తుపాను చీరాల సమీపంలో తీరం దాటింది. మన సముద్రంలో తుపానుగాలి గడియారం ముల్లుకు ఎదురుదిశలో సుడి తిరుగుతుంది కనుక, అది తీరాన్ని తాకిన చోటికి కుడివైపున నీటిని నేల మీదికి తోస్తుంది. ఆ కుడివైపున ఉన్నది దివిసీమ. దాదాపు ఐదు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్లను ముంచి మైళ్ల కొద్దీ లోపలికి చొచ్చుకొచ్చింది. సర్కారు లెక్కలోనే చనిపోయినవారు పది వేలకు అటూ ఇటూ. ఆ లెక్కను దివిసీమ ఏనాడూ నమ్మలేదు. తుపాను వస్తోందని వాతావరణ శాఖకు తెలుసు. సముద్రమే ఊరి మీదికి వస్తుందన్న సంగతి మాత్రం పల్లెకు చేరలేదు. నలభై నాలుగేళ్లకు మళ్లీ అదే తేదీన, 2021 కార్తిక పౌర్ణమి తెల్లవారుజామున, కడప జిల్లాలో చెయ్యేరు పోటెత్తి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను కోసేసింది. దీపాలు వెలిగించడానికి గుడికి వెళ్లినవాళ్లు కూడా ఆ వరదలో కొట్టుకుపోయారు. ఒక గేటు తెరుచుకోలేదని కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలో అంటే, రాష్ట్రం అనూహ్యమైన వరదను కారణంగా చూపింది. తప్పు ఎవరిదన్న వాదన ఎటు తేలినా, కట్ట తెగేలోపు దిగువ ఊళ్లు ఖాళీ కాలేదన్నది మారదు.

అందుకే నవంబరు 19ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విపత్తు సన్నద్ధత దినంగా చట్టబద్ధంగా ప్రకటించాలని మేము కోరుతున్నాం. స్తూపం దగ్గర దండ వేసి, రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోయే దినం కాదు. ఆ రోజు తీరంలోని ప్రతి ఊళ్లో, ప్రతి జలాశయం దిగువన సైరన్ మోగాలి. జనం నిజంగా ఇళ్లు వదిలి తుపాను షెల్టరు దాకా నడవాలి. షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుందో, మంచం పట్టిన ముసలమ్మను ఎవరు మోసుకెళ్తారో, పశువులను ఎటు తోలతారో అప్పుడే తేలాలి. ఒడిశా ఈ పని చేస్తోంది. 1999 అక్టోబరు 29న సూపర్ సైక్లోన్ అక్కడ పది వేల మందిని బలి తీసుకున్నాక, ఆ తేదీనే సన్నద్ధత దినంగా పాటిస్తోంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటే నాటికి పది లక్షల మంది దాకా సురక్షిత ప్రాంతాలకు చేరారు. మృతులు పదుల్లోనే ఉన్నారు. జపాన్ 1923 భూకంపం తేదీని, సెప్టెంబరు 1ని, ఏటా విన్యాసాల దినంగా జరుపుకుంటుంది. అంత దూరం పోనక్కర్లేదు. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గరే అంతటి తుపాను వచ్చింది. ముందుగా ఆరు లక్షల మందికి పైగా తరలించబట్టి ప్రాణనష్టం వెయ్యిలోపు ఆగింది. వెయ్యి చిన్న సంఖ్యేమీ కాదు, కానీ 1977తో పోల్చితే ఆ తరలింపు ఎన్ని ఇళ్లలో దీపం నిలిపిందో అర్థమవుతుంది.

రెండు విపత్తులు ఒకే తేదీన రావడం కాకతాళీయం, దాని మీద విధానం కట్టకూడదని ఎవరైనా అనవచ్చు. తేదీ కాకతాళీయమే. రుతువు మాత్రం కాదు. మచిలీపట్నంలో ముప్పై వేల మందిని ముంచిన 1864 ఉప్పెన నవంబరు 1న వచ్చింది. కోనసీమ తుపాను 1996 నవంబరు 6న. ఫైలిన్‌కు సరిగ్గా ఏడాది తర్వాత, 2014 అక్టోబరు 12నే, హుద్‌హుద్ విశాఖను తాకింది. ఇవన్నీ కలిపి చూస్తే మన తీరానికి గండం ఏ నెలల్లోనో పంచాంగం చూడకుండానే తెలుస్తుంది. నవంబరు మూడో వారానికి సగం కాలం గడిచిపోతుందన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం, దాన్ని ఒప్పుకుంటాం. గేట్లు, మట్టికట్టలు, సైరన్ల పరీక్ష జూన్‌లోపే పూర్తయి, ఫలితం పంచాయతీ గోడ మీద కనబడాలి. నవంబరు 19 మనుషుల సాధనకు. ఇక ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి, ప్రతి చేతిలో ఫోన్ ఉంది, విన్యాసాలెందుకనే మాట 2021లోనే చెల్లకుండా పోయింది. అప్పుడూ ఉపగ్రహాలున్నాయి, ఫోన్లూ ఉన్నాయి. హెచ్చరిక అందడం వేరు, అది విని కాళ్లు కదలడం వేరు. వరికోతల వేళ కూలీకి, వేటకు వెళ్లే మత్స్యకారుడికి ఒక పూట పోవడం నిజమైన నష్టమే. ఆ పూట కూలిని ప్రభుత్వమే చెల్లించాలి. పరిహారాలకు పోసే డబ్బు ముందు అదెంత?

1977లో పదేళ్ల పిల్లలు ఇప్పుడు ముసలితనంలోకి అడుగుపెడుతున్నారు. నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపగలిగినవాళ్లు దివిసీమలో తగ్గిపోతున్నారు. వాళ్లుండగానే ప్రతి బడి గోడ మీద, ప్రతి కరెంటు స్తంభం మీద ఉప్పెన మట్టం గీత గీయించాలి. 2027 నవంబరు 19కి ఉప్పెనకు యాభై ఏళ్లు నిండుతాయి. తొలి విన్యాసం ఆలోపే సొర్లగొందిలో, చెయ్యేటి ఒడ్డున పులపత్తూరులో ఒకే గంటకు మొదలు కావాలి, దానికి ముఖ్యమంత్రే హాజరు కావాలి.