బెత్తం మందు కాదు

‘వీడికి కాలు ఒకచోట నిలవదు’, ‘చెప్పిన మాట చెవికెక్కదు’ అని బడి నుంచో, మక్తబ్ నుంచో ఫిర్యాదు రాని ఇల్లు మనలో అరుదు. అప్పుడు చాలామందికి తోచే మందులు రెండే. ఒకటి బెత్తం, రెండోది తాయెత్తు. డాక్టరుకు చూపించాలన్నది ఆఖరున గుర్తొస్తుంది.

పిల్లలన్నాక అల్లరి చేస్తారు. అల్లరి అంతా జబ్బు కాదు. అయితే ఏ పని మీదా మనసు నిలపలేకపోవడం, తన వంతు వచ్చేదాకా ఆగలేకపోవడం, పుస్తకాలూ పెన్సిళ్లూ రోజూ పోగొట్టుకోవడం వంటి లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలుగా ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తూ, చదువుకు అడ్డం పడుతున్నాయా? అప్పుడు అది ఏడీహెచ్‌డీ కావచ్చునేమోనని వైద్యులు పరీక్షిస్తారు.

ఇది నిన్న మొన్న పుట్టిన మాట కాదు. తెలివికి లోటు లేకున్నా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి 1902లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఉపన్యాసాలిచ్చాడు. ఇది మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా. వంశపారంపర్యంగా వచ్చే అవకాశం ఎక్కువ. తల్లి గారాబం వల్ల వచ్చేది కాదు. కనుక తల్లిని నిందించడం, బిడ్డను కొట్టడం రెండూ అన్యాయమే.

ఆడపిల్లల సంగతి మరీ కష్టం. వారిలో చాలామంది గెంతరు, అరవరు. పరధ్యానంగా కూర్చుంటారు. ‘మొద్దు’ అన్న ముద్ర పడుతుంది, చదువు ఆగిపోతుంది. అదే మగపిల్లవాడైతే మెకానిక్ షెడ్డుకు చేరతాడు. తెలివి ఉండీ బతుకు దారి తప్పడమంటే ఇదే.

మరి ఏం చేయాలి? పిల్లల డాక్టరుకో, మానసిక వైద్యునికో చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడి పిల్లలకు చేసే పరీక్షల జాబితాలో ఈ సమస్య కూడా ఉంది. బడికి వచ్చే వైద్య బృందాన్ని అడగవచ్చు. మరీ చిన్న పిల్లల విషయంలో ముందుగా తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు. పెద్ద పిల్లలకు అవసరమైతే డాక్టరు మందులు రాస్తారు. ఇంట్లో ఒకసారికి ఒకే పని చెప్పాలి. చేసిన వెంటనే మెచ్చుకోవాలి. బడిలో ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచరును కోరాలి.

బిడ్డ కోసం దువా చేద్దాం. దువాతోపాటు దవా కూడా ఇప్పిద్దాం. బెత్తాన్ని మాత్రం పక్కన పెడదాం.