వేగసూచన – పరీక్ష

లేపాక్షి వీరభద్రాలయంలో వేలాడే స్తంభాన్ని చూడవచ్చిన యాత్రికులు దాని అడుగున ఒక వస్త్రాన్ని దూర్చి, ఆవలి వైపునకు లాగి చూస్తారు. 16వ శతాబ్దంలో, విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ నిర్మింపజేసిన ఆలయమది. విన్నదానిని పరీక్షించి గాని నమ్మరాదన్నదే ఆ వస్త్రం నేర్పే నీతి. నేటి నగరాల్లో ప్రవేశిస్తున్న ఒక నూతన సాధనానికీ అటువంటి పరీక్ష అవసరం.

అనుసంధిత వాహనాలకు అందే వేగసూచనయే ఆ సాధనం. కూడలిలోని దీపం ఎప్పుడు మారుతుందో వాహనానికి ముందుగా తెలుస్తుంది. వాహనంలోని యంత్రం దూరాన్ని లెక్కించి, తగిన వేగాన్ని చోదకునికి సూచిస్తుంది. కూడలి 300 మీటర్ల దూరంలో ఉన్నదనీ, 30 సెకన్లకు పచ్చదీపం వెలుగుతుందనీ అనుకొందాం. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 20 సెకన్లలోనే చేరి, 10 సెకన్లు నిలిచిపోవాలి. 36 కిలోమీటర్ల వేగంతో వస్తే ఆగకుండా సాగిపోవచ్చు. ఆగి మరల కదలటంలో వృథా అయ్యే ఇంధనం మిగులుతుంది.

2019లో ఆడి సంస్థ అమెరికాలోని లాస్ వేగాస్‌లోను, జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లోను తన కార్లకు ఇటువంటి సూచనను అందించింది. బెంగళూరు, హైదరాబాదు నగరాల్లో గూగుల్ సంస్థ చేపట్టిన ‘గ్రీన్ లైట్’ పథకం మార్గం వేరు. అది చోదకునికి కాక, దీపాల సమయాలను సరిదిద్దుకొమ్మని ట్రాఫిక్ అధికారులకు సలహా ఇస్తుంది.

వేగసూచన లెక్క సరియైనదే. కాని దారి తెరపిగా ఉన్నప్పుడే. కూడలిలో అప్పటికే పది వాహనాలు బారులు తీరి ఉంటే, ఒక్కొక్కటి కదలిపోవటానికి సుమారు రెండేసి సెకన్లు పడుతుంది. దీపం పచ్చబడిన 20 సెకన్లకు గాని దారి దొరకదు. ఆ బారును లెక్కించని సూచన చోదకుణ్ణి వరుస చివర నిలబెడుతుంది. ద్విచక్రవాహనాలు, ఆటోలు సందు దొరికిన చోటల్లా దూరే మన వీధుల్లో, నెమ్మదించిన కారు ముందరి ఖాళీ క్షణంలో నిండిపోతుంది. రద్దీని బట్టి అప్పటికప్పుడు సమయం మార్చుకొనే దీపాల వద్ద ముందుగా చెప్పిన మాట నిలవదు.

కనుక ఒక్క కారులో మిగిలిన ఇంధనాన్ని చూపి ఈ సాధనాన్ని మెచ్చుకోవటం న్యాయం కాదు. సూచన ఉన్న రోజులను, లేని రోజులను ఒకే విధమైన రద్దీలో పోల్చాలి. కూడలిని దాటిన వాహనాలన్నింటి నిరీక్షణను, బస్సు ప్రయాణికుల కాలాన్ని, పాదచారుల భద్రతను కొలవాలి. పచ్చదీపాన్ని అందుకోవాలన్న ఆత్రంతో చోదకుడు వేగపరిమితిని మీరుతున్నాడా, దారి వదలి తెరపై చూపు నిలుపుతున్నాడా అన్నదీ గమనించాలి.

అనంతపురం కరవు సీమ నుంచి బతుకుతెరువుకై బెంగళూరు చేరే కూలీలకు కారు లేదు. వారు నడచి రోడ్డు దాటుతారు. బస్సులో వేచి ఉంటారు. కారు ఆగకుండా సాగటానికై వారు మరికొంతసేపు నిలువవలసి వస్తే, ఆ ప్రగతి కొందరిదే అవుతుంది. స్తంభపు ఒక అంచున వస్త్రం దూర్చి తీర్పు చెప్పినవాడు తొందరపాటు మనిషి. నాలుగు వైపులా చూచినవాడే పరీక్షకుడు. నగరపు దీపానికీ అదే న్యాయం.