మాటలేని సంగీతం - మన శ్రోతలు

పాశ్చాత్య వాద్యసంగీతం మనవారికి పట్టుబడదన్న అభిప్రాయం చదువుకున్నవారిలోనే ఎక్కువ. నల్లగొండ, పాలమూరు సీమలలోని బడిపిల్లలకు వినిపించవచ్చునంటే, “ఇక్కడివాళ్లకు అదెందుకు?” అనేవారు లేకపోలేదు. ఈ మాటలో నిజమెంతో తేల్చుకొనడానికి ఒక్క రచన చాలు. అది వెనిస్ నగరవాసి ఆంటోనియో వివాల్డి కూర్చిన ‘వేసవి’.

17వ శతాబ్ది ఆరంభం నుండి 18వ శతాబ్ది నడిమి వరకు నడిచిన కాలాన్ని ఐరోపా సంగీతంలో బరోక్ యుగమంటారు. ఆ యుగపు ముద్దుబిడ్డ కన్సర్టో. ఒక్క వాద్యకారుడికీ, వాద్యబృందానికీ మధ్య జరిగే సంవాదమే అది. 1725లో ఆంస్టర్‌డాంలో అచ్చయిన నాలుగు ఋతువుల కన్సర్టోలలో ‘వేసవి’ రెండవది. ప్రతి ఋతువుకూ ఒక పద్యం జతచేసి, దానిలోని ఏ ఘట్టం ఎక్కడ వినవస్తుందో స్వరపత్రంలోనే సూచించారు.

మొదట ఎండ. కొద్దిపాటి స్వరాలు జారి, ఆగి, మళ్లీ జారుతాయి. మనిషీ మందా సొమ్మసిల్లి ఉన్నారు. కోకిల కూస్తుంది. ఉత్తరపు గాలి లేస్తుంది. రానున్న గాలివానను తలచుకొని గొర్రెలకాపరి కన్నీరు పెడతాడు. రెండవ భాగంలో ఈగలు ముసిరి అతనికి కునుకు పట్టనీయవు. వయొలిన్ సన్నగా సాగుతుండగా మధ్యమధ్య ఉరుము. మూడవ భాగంలో వడగండ్లు పడి పైరు కంకులు తెగిపోతాయి.

ఇది దేవరకొండలోనో, అచ్చంపేటలోనో గొర్రెలమంద వెంట పెరిగిన పిల్లవాడికి తెలియని సంగతా? యాసంగి వరి కోతకు వచ్చిన వేళ రాళ్లవాన కురిస్తే ఆ రాత్రి ఇంట్లో ఎంత నిశ్శబ్దమో వానికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. వివాల్డి పుట్టిన వెనిస్ నీళ్లమీది పట్టణం. పొలంగట్టు ఎరిగినవాడు ఆ పట్టణవాసి కంటె మంచి శ్రోత అయితే ఆశ్చర్యమేమీ లేదు.

కథ ఉన్నది కనుక తెలిసింది, కథ లేనిచోట ఏమిటని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 1721లో బాక్ ఒక ప్రభువుకు అంకితమిచ్చిన ఆరు బ్రాండెన్‌బర్గ్ కన్సర్టోలలో కథ లేదు. అక్కడ చెవి పట్టుకోవలసిన ఆధారం మరొకటి. బృందమంతా కలిసి ఎత్తుకున్న వరుస, ఏక వాద్యాల విహారం ముగిసినప్పుడల్లా తిరిగి వస్తుంది. పల్లవి ఎరిగిన జాతికి ఇది వింత కాదు. కాని పల్లవి తన శ్రుతిలోనే తిరిగివస్తుంది. ఈ వరుస ఒకమారు ముక్కగా, ఒకమారు వేరొక శ్రుతిలో వచ్చి, చివరకు తన ఇంటికి చేరుతుంది. ఆ తిరుగుప్రయాణాన్ని కనిపెట్టడమే వినడం. స్వరలిపి, రచయిత జీవితచరిత్ర ముందు నేర్పాలనేవారు పిల్లలను గుమ్మం బయటనే నిలబెడుతున్నారు.

ఈ మెట్ట భూములు కిన్నెరకు పుట్టినిండ్లు. బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథను పాఠంగా చెప్పే ఉపాధ్యాయులు ఆ వాద్యాన్ని మాత్రం వినిపించరు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన నాగర్‌కర్నూలు సీమ కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో, బుర్రవీణ వాయించిన దామరగిద్ద దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. సన్మానాలు జరిగాయి. అయితే పాట ఆగి తీగ ఒంటరిగా పలికే చోట సభలో మాటలు మొదలవుతాయి. మాట ఉంటేనే అర్థమున్నదని నేర్పిన చదువు ఫలమిది.

వివాల్డి 1741లో వియన్నాలో మరణించాడు. లోకం అతనిని మరచింది. 1926లో ఇటలీలో ఒక మతసంస్థ విద్యాలయంలో అతని వ్రాతప్రతుల కట్టలు బయటపడ్డాయి. కాగితం మిగిలింది కనుక దాదాపు రెండు శతాబ్దాల తరువాతనైనా శ్రోతలు దొరికారు. కిన్నెరకు ఆ కాగితం లేదు. అది చేతి నుండి చెవికి, చెవి నుండి మరొక చేతికి అందవలసినదే.

‘వేసవి’ నిడివి ఇంచుమించు పది నిమిషాలు. ఒక తరగతిలో కథ చెప్పి ఒకమారు, చెప్పకుండా ఒకమారు వినిపించవచ్చు. మరునాడు మొగులయ్య కిన్నెరపాట వినిపించి, పాట ఆగినచోట తీగ ఏమన్నదని పిల్లలను అడగవచ్చు.