ఫోనులో వచ్చే ఆఫీసరు

పోయిన సంక్రాంతికి ముందు మా నాయనకు ఒక ఫోను వచ్చింది. ఆదాయపు పన్ను ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని, పాన్ కార్డు మీద బాకీ ఉందని, సాయంత్రంలోగా కట్టకపోతే పోలీసులు ఇంటికి వస్తారని అవతలి మనిషి గద్దించాడట. మంచం మీద కూర్చున్న మా నాయన లేచి నిలబడి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి, "సారూ, సారూ" అంటూ మాట్లాడాడని అమ్మ చెప్పింది. తర్వాత కిరాణా కొట్టుకు పోయి 4,500 రూపాయలు ఫోన్‌పే చేయించాడు. అవి పత్తి ఏరిన కూలి డబ్బులు.

కూలి మనిషికి పన్నేమిటి అని నేను ఆయన మీద అరిచాను. ఆయన ఒక్కటే అన్నాడు: "ఆదాయం అన్నడు గద బిడ్డా, నీ స్కాలర్‌షిప్ కాయితం గురించే అనుకున్న."

నాకు నోరు పెగల్లేదు. ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవలో దరఖాస్తు పెట్టి, తహసీల్దారు ఆఫీసు ముందు ఎన్ని పూటలు నిలబడ్డామో ఈ హాస్టల్లో చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ కాగితంలో ఏదో తప్పు దొర్లిందని, నా చదువు ఆగిపోతుందని ఆయన భయపడ్డాడు.

చదువు లేనివాళ్లే ఇలా మోసపోతారని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. 2024లో లూథియానాకు చెందిన ఒక పెద్ద వస్త్ర పరిశ్రమాధిపతి దగ్గర సీబీఐ అధికారులమని చెప్పి, వీడియో కాల్‌లో దొంగ సుప్రీంకోర్టు విచారణ కూడా నడిపి 7 కోట్ల రూపాయలు గుంజారు. ఆయనకు చదువు తక్కువా, లాయర్లు తక్కువా? భయం అందరికీ ఒకటే. కాకపోతే ఆఫీసరు గొంతు వినగానే లేచి నిలబడే అలవాటు మన ఇళ్లలో తరాలుగా ఉంది. మోసగాడికి అదే పెట్టుబడి.

ఫోనుకు అవతల ఉన్నదెవరు? 2016 అక్టోబరులో ముంబై పక్కన మీరా రోడ్డులో కాల్ సెంటర్ల మీద థానే పోలీసులు దాడి చేశారు. అమెరికా పన్ను అధికారులమని చెప్పి అక్కడివాళ్లను బెదిరించి డబ్బు లాగుతున్నవాళ్లు ఉద్యోగం కోసం వచ్చిన మన వయసు కుర్రాళ్లే. 2024లో విశాఖ నుంచి కొందరు యువకులను ఉద్యోగాలని కంబోడియా తీసుకెళ్లి ఇలాంటి పనే చేయించారు. పెద్ద జీతం, పని మాత్రం చెప్పరు అనే ప్రకటన కనిపిస్తే సీనియర్లు జూనియర్లకు చెప్పాలి.

ఇక గుర్తుపట్టడం ఎలా? ఒక్క సంతకానికి వారం రోజులు తిప్పే సర్కారు, సాయంత్రంలోగా డబ్బు కట్టమని ఫోను చేస్తుందా! ఆదాయపు పన్ను శాఖ ఫోనులో ఓటీపీ, పిన్ అడగదు. ఫోనులో అరెస్టు చేయడమనేది ఏ చట్టంలోనూ లేదు. అయితే మన పాన్ కార్డు జిరాక్సు ఎవరైనా దుర్వినియోగం చేస్తే కూలి మనిషికీ నిజమైన నోటీసు రావచ్చు. దాన్ని చించి పారేయకూడదు. 2019 అక్టోబరు నుంచి నోటీసుల మీద 'డిన్' అనే సంఖ్య వేస్తున్నారు. శాఖ వెబ్‌సైటులో ఆ సంఖ్య కొట్టి అసలుదో నకిలీదో చూసుకోవచ్చు.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే అయితే ఆపే వీలుంటుంది. మా నాయన సిగ్గుపడి తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. మేం ఫిర్యాదు చేసేసరికి ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు. చెప్పినా నేను అరుస్తానని ఆయనకు ముందే తెలుసేమో. అరిచాను కూడా.

వార్షికోత్సవం రోజు మన అమ్మానాన్నలు ఎలాగూ హాస్టల్‌కు వస్తారు. పాటలకు, డ్యాన్సులకు ముందు పది నిమిషాలు మాకివ్వమని వార్డెన్ సారును అడుగుతున్నాను. ఇద్దరు పిల్లలు స్టేజీ మీద ఫోను పట్టుకుని, ఒకరు ఆఫీసరుగా, ఒకరు నాయనగా చేసి చూపిస్తే చాలు. నాయన వేషం నేనే వేస్తాను.