త్రాసులో మన సాక్ష్యము



సాక్ష్యము అనగానే మనకు ఆదివారపు ఆరాధన గుర్తుకు వస్తుంది. లేచి నిలువబడి ప్రభువు చేసిన మేలులు చెప్పుకొంటాము. అది మంచిదే. అయితే ఆరాధనకు రాని మన ఊరివారు మన సాక్ష్యమును ఎక్కడ వింటారు? కళ్లములో వింటారు. పాలకేంద్రము దగ్గర, కూలి పంచే చోట వింటారు. వారు బైబిలు తెరవకపోవచ్చును గాని మన త్రాసును ప్రతిదినము చూస్తూనే ఉంటారు.

దేవుడు ధర్మశాస్త్రములో బలులను గూర్చియు పండుగలను గూర్చియు మాత్రమే చెప్పి ఊరుకొనలేదు. ద్వితీయోపదేశకాండము 25:13-15 చదవండి. పెద్దదొకటి, చిన్నదొకటి, రెండు రకముల తూకపు రాళ్లు సంచిలో ఉంచుకొనవద్దని అక్కడ ఆజ్ఞ ఉన్నది. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఇంకొక రాయి! నేడు రాళ్లు పోయి ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చినవి. కాటా మారింది, మరి మన మనసు మారిందా? తేమ పేరు చెప్పి బస్తాకు రెండు కిలోలు తరుగు తీసే వ్యాపారిని తిట్టుకొంటాము. ఆ సాయంత్రమే పాలలో చెంబెడు నీళ్లు కలిపినా, మిరపకాయల టిక్కీ అడుగున తాలుకాయలు పోసినా మన సంచిలోను రెండు రాళ్లు ఉన్నట్లే గదా!

కూలి సంగతి ఇంకను గంభీరమైనది. కూలివాని కూలి మరునాటి ఉదయము వరకు మన యొద్ద ఉండకూడదని లేవీయకాండము 19:13 బోధిస్తున్నది. బిగబట్టిన కూలి మొరపెట్టుచున్నదనియు, ఆ మొర ప్రభువు చెవులకు చేరుచున్నదనియు యాకోబు 5:4 హెచ్చరించుచున్నది. ఒక గ్రామములో కోతలకు వెళ్లే తల్లి ఒకామె నాతో ఇట్లన్నది: “మీ సంఘపాయన పాట మా పేట దాకా వినపడుద్ది అయ్యగారూ. మిరపకాయ కోతల కూలి మాత్రం నెల దాటినా మాకు అందలేదు.” ఆమెకు మనము ఏ కరపత్రము ఇవ్వగలము?

మన తెలుగు సంఘముల చరిత్రలో ఒక మంచి మాదిరి ఉన్నది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌగారు బకింగ్‌హాం కాలువలో సుమారు 3.5 మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. పని చూచుటకు బోధకులను నియమించిరి. అచ్చట సువార్త చెప్పబడెను. అయినను కరువు సహాయము సాగినంత కాలము బాప్తిస్మములు ఆపివేసిరి. కూడు కొరకు ఎవరును విశ్వాసులము అనకూడదని వారి ఉద్దేశము. సహాయము ముగిసిన తరువాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కష్టపడినవాని కూలి వాని హక్కు. అది మనము వేసే ధర్మము కాదు, మతములోనికి లాగే ఎర అంతకంటె కాదు.

“అందరూ చేసేదే గదా అయ్యగారూ, నిజాయితీగా ఉంటే బతకగలమా?” అని కొందరు అడుగుతారు. నష్టము ఉండదని నేను చెప్పలేను. జక్కయ్యకు నష్టము రాలేదా? ఆస్తిలో సగము బీదలకు ఇచ్చి, అన్యాయముగా తీసుకొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). ప్రభువు ఆ ఇంటికి వచ్చినాడని యెరికో ఊరంతటికి తెలిసినది ఆ లెక్కలో గదా!

ప్రియులారా, ఈ శనివారము కుటుంబ ప్రార్థనకు ముందు ఇంటి లెక్కల పుస్తకము తీయండి. ఎవరి కూలి నిలిచిపోయింది? ఎవరి చేబదులు మరచిపోయాము? మీ పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని చూడండి. ఇవ్వవలసినది ఆదివారపు కానుక కంటె ముందుగా ఇచ్చి రండి. అంతా ఒకేసారి ఇవ్వలేకపోతే, వారి గడపకు వెళ్లి ఎప్పుడు ఇస్తారో చెప్పి, ఆ మాట నిలుపుకొనండి.

ప్రార్థన: ప్రభువా, మా పెదవులను మాత్రమే గాక మా కాటాను, మా సంచిని, మా లెక్కలను నీ వెలుగులో ఉంచుము. ఆమేన్.