ముందు పేరు, తర్వాతే మందు

ఉప్పునీటి చేపలు పెంచేవాళ్లలో ఒక మాట వేదవాక్కులా చెలామణి అవుతోంది. “తెల్లమచ్చ జబ్బు ప్రతి ట్యాంకులోనూ ఉంటుంది. చేప ఒత్తిడికి లోనైనప్పుడే పైకి తేలుతుంది. బాగా మేపండి, మేతలో వెల్లుల్లి కలపండి, దానంతట అదే పోతుంది.” చేపను కొన్నవాడికి ప్లాస్టిక్ సంచీతోపాటు ఈ సలహా కూడా అందుతుంది. పెంపకంలో అడుగుపెట్టిన కొత్తలో నేనూ నమ్మాను. నమ్మి చేపల్ని పోగొట్టుకున్నాను. అందుకే గట్టిగా చెబుతున్నాను: ఈ మాటలో మొదటి ముక్క అబద్ధం, రెండోది అర్ధసత్యం, మూడోది ప్రమాదం.

మొదటి ముక్క చూద్దాం. మనవాళ్లు ఇచ్ అని పిలిచే ఈ జబ్బుకు కారణం క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి. 1951లో బ్రౌన్ అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టారు. అది చేప చర్మం పైపొర కిందికి, మొప్పల్లోకి దూరి కణాలను తింటూ మూడు నుంచి ఏడు రోజులు గడుపుతుంది. మన కంటికి ఉప్పురవ్వలా కనిపించేది ఈ దశలోనే. కడుపు నిండాక చేపను వదిలి, ఎక్కువగా చీకటివేళ, అడుగుకు చేరుతుంది. ఇసుకకో రాతికో అతుక్కుని చుట్టూ గట్టి పెంకు కట్టుకుంటుంది. లోపల చీలి చీలి, ఒక్కటి రెండు వందలకు పైగా కూడా అవుతుంది. పెంకు పగిలాక బయటికి ఈదిన పిల్లలకు ఒకటి రెండు రోజుల్లో చేప దొరకాలి, దొరక్కపోతే చావే.

దీన్నిబట్టి తేలేదేమిటి? చేప లేకుండా ఈ జీవికి మనుగడ లేదు. అది గాల్లోంచి ఊడిపడదు, ఉప్పు సంచీలోంచి పుట్టదు. జబ్బు చేపతో రావాలి, లేదా ఆ చేప తిరిగిన నీటితో, ఆ నీట్లో తడిసిన రాయితో, పగడంతో, వలతో రావాలి. పెంకు పగలడానికి అత్యధికంగా 72 రోజులు పట్టినట్టు నమోదైంది. అందుకే జాగ్రత్తపరులు ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా ఉంచుతారు. ఆ గడువు నిండితే ఆ ట్యాంకులో ఆ జీవి ఉండదు. ప్రయోగశాలలో పెంచిన ఒక సంతతి, చేపలు అందుబాటులో ఉన్నా సరే, 34 తరాల చక్రం తర్వాత నీరసించి ఆగిపోయింది. ఎప్పటికీ అన్ని ట్యాంకుల్లోనూ ఉండే జీవి లక్షణాలా ఇవి? తీసుకురాకపోతే రాదు. ఈ ఒక్క వాక్యం ఒప్పుకుంటే మిగిలిన వాదనంతా కూలిపోతుంది.

మరి ఇంత స్పష్టమైన విషయం ఇన్నేళ్లుగా జనానికి ఎందుకు పట్టలేదు? జబ్బే మన కళ్లకు గంతలు కడుతోంది. సోమవారం చేప మీద మచ్చలు చూస్తాం. మంగళవారం వెల్లుల్లి రసం మొదలుపెడతాం. శుక్రవారానికి మచ్చలు మాయం! వెల్లుల్లి పనిచేసిందని పదిమందికీ చెబుతాం. నిజానికి ఆ మచ్చలు రాలే రోజు వచ్చింది, రాలాయి. అవి చావలేదు, ఇసుకలో కూర్చుని పెరుగుతున్నాయి. రెండు వారాల తర్వాత ఒకటికి వంద చొప్పున తిరిగొస్తాయి. అప్పుడు “మొన్న నీళ్లు మార్చాను కదా, ఒత్తిడి అయ్యుంటుంది” అని సరిపెట్టుకుంటాం. మచ్చ మాయమవడాన్ని జబ్బు నయమవడంగా చదవడమే ఈ నమ్మకానికి పునాది. వెల్లుల్లి, పసుపు, ఇంకేదైనా సరే, రెండో రోజు వేసిన ప్రతి మందుకూ అయిదో రోజు పేరొస్తుంది.

నీళ్లు వేడి చేయమనే సలహా కూడా ఇలాంటిదే. మంచినీటి చేపలకు వచ్చే తెల్లమచ్చ వేరే జీవి పని, దాని పేరు ఇక్తియోఫ్తీరియస్. చూడటానికి రెండూ ఒకలా ఉంటాయి కాబట్టి దాని వైద్యాన్ని తెచ్చి దీనికి అంటగట్టారు. ఉప్పునీటి జీవి ఉష్ణమండల సముద్రాలది, మనం పెంచే వేడి దానికి హాయి. వేడి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. అసలే మొప్పలు దెబ్బతిన్న చేపకు అందే ఊపిరి కూడా మనమే లాగేసుకుంటున్నాం.

ఇక ఒత్తిడి. అది ఊరకే పుట్టిన మాట కాదని ఒప్పుకుంటాను. అలసిన చేప, ఆకలితో ఉన్న చేప, సాటి చేపలు తరిమే చేప త్వరగా లొంగిపోతుంది. జబ్బు తట్టుకుని బతికిన చేపకు కొన్ని నెలలపాటు కొంత రోగనిరోధక శక్తి వస్తుందన్నదీ నిజమే. “మా ట్యాంకులో అయిదేళ్లుగా మందు లేకుండానే చేపలు బతుకుతున్నాయి” అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అయితే ఆ బతికిన చేపల మొప్పల్లో నాలుగైదు జీవులు కంటికి కనపడకుండా కాపురం చేస్తూ ఉండొచ్చు. కొత్త చేప వచ్చిన రోజున దానికి ఆ రక్షణ ఉండదు. పాతవాటి శాంతికి మూల్యం ఆ కొత్త ప్రాణి చెల్లిస్తుంది. ఎన్ని బతికాయో చెప్పేవాళ్లు ఎన్ని చచ్చాక ఇవి మిగిలాయో కూడా లెక్క చెప్పాలి.

హైదరాబాద్‌లో ఉంటూ ఈ వాదన వింటే నాకు మరీ బాధ. మలేరియా అనే మాటకు ఇటాలియన్‌లో చెడుగాలి అని అర్థం. శతాబ్దాల పాటు లోకం ఆ జ్వరానికి గాలినే తప్పుపట్టింది. 1897 ఆగస్టు 20న ఇక్కడే, సికింద్రాబాద్‌లో, రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని మైక్రోస్కోప్ కింద చూశాడు. బలహీనుడికి మలేరియా గట్టిగా రావచ్చు, పరాన్నజీవి లేకుండా మాత్రం ఎంత బలహీనుడికైనా రాదు. చేపకూ అంతే. చెడుగాలి సిద్ధాంతానికి ఈ ఊళ్లోనే చెల్లుచీటీ రాశారు. దాన్ని ఒత్తిడి అనే పేరుతో మళ్లీ గాజుపెట్టెల దగ్గరికి తెచ్చుకోవడం మనకు తగదు.

ఈ నమ్మకం చేసే అసలు కీడు ఇంకా లోతైనది. అన్నిటికీ ఒత్తిడే కారణమైతే, ఒంటి మీద ఏ జీవి ఉందో చూడాల్సిన పని లేదు. రోగనిర్ధారణే అనవసరమైపోతుంది. దాని ఫలితం నా ఇంట్లోనే చూశాను.

కొన్నేళ్ల కిందట ఒక జత క్లౌన్ చేపలు తెచ్చాను. మూడో రోజుకు వాటి నారింజరంగు మీద పాలమీగడ పూసినట్టు తెల్లటి పొర కమ్మింది. అమ్మినతను ఇచ్ అన్నాడు, వెల్లుల్లి పెట్టమన్నాడు. అనుభవం ఉందన్న మరొకరు కాపర్ మందు వేయమన్నారు. వేరే తొట్టెలోకి మార్చి కాపర్ వేశాను. మర్నాటికి ఒకటి పోయింది. భీమవరంలో ఆక్వా ల్యాబ్‌లో పనిచేసే మా బాబాయి కొడుక్కి ఫోన్ చేశాను. “మందు సంగతి తర్వాత అన్నయ్యా, ముందు స్లైడ్ మీద చూశావా?” అని అడిగాడు. చూడలేదు. చూడాలని కూడా తోచలేదు.

పిల్లల చదువు కోసం కొన్న చిన్న మైక్రోస్కోప్ ఇంట్లోనే ఉంది. రెండో చేపను తడిచేత్తో పట్టుకుని, తల నుంచి తోక వైపుగా కవర్ స్లిప్ అంచుతో పలుచగా జిగురు తీశాను. ఒక చుక్క ట్యాంకు నీరు వేసి, వంద రెట్లు పెద్దది చేసి చూశాను. అంతే. చిక్కుడుగింజ ఆకారంలో ఉన్న జీవులు డజన్ల కొద్దీ గాజు మీద జారుతూ తిరుగుతున్నాయి. అది బ్రూక్లినెల్లా, క్లౌన్ చేపలకు శత్రువు. అది చేప ఒంటి మీదే రెండుగా చీలుతూ పెరుగుతుంది. దానికి ఇసుక అక్కర్లేదు, పెంకు అక్కర్లేదు, కాపర్ అంటే లెక్క లేదు. దానికి కావలసింది ఫార్మలిన్ స్నానం. గ్లవ్స్ వేసుకుని, మందు కొలిచి, గాలి గట్టిగా పెట్టి చేయించాను. అయిదు నిమిషాల చూపు రెండు రోజుల ముందు చూసుంటే జత మిగిలేది.

కంటికి ఒకేలా కనిపించే మచ్చ వెనక ఎందరు శత్రువులున్నారో చూడండి. స్లైడ్ మీద గుండ్రంగా, నల్లగా, బరువుగా దొర్లేది క్రిప్టోకేరియాన్. కదలకుండా, గోధుమరంగులో, బేరిపండు ఆకారంలో వేళ్లూనుకుని ఉండేది అమైలూడినియం. మనవాళ్లు వెల్వెట్ జబ్బు అనేది దీనివల్ల వచ్చేదాన్నే. 1931లో దీన్ని వర్ణించిందీ ఆ బ్రౌనే. రెండూ వేరని ఇరవయ్యేళ్ల ఎడంతో ఒకే కలం రాసిపెట్టినా మనం ఇంకా కలిపే చూస్తున్నాం. వెల్వెట్ ముందుగా మొప్పల మీద పడుతుంది. మచ్చ కనబడక ముందే చేప పంపు ధారకు ఎదురుగా నిలబడి రొప్పుతుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కన్నీటిచుక్కలా ఉండి విసురుగా పరుగులు పెట్టేది యూరోనెమా. చప్పిడి నీటి గిన్నెలో చేపను కొద్ది నిమిషాలు ఉంచితే, అప్పటిదాకా పారదర్శకంగా కనబడకుండా ఉండి తెల్లబడి నువ్వుగింజల్లా రాలేవి ఫ్లూక్ పురుగులు.

వైద్యం కూడా ఒకదానిది ఇంకొకదానికి సరిపోదు. కాపర్ క్రిప్టోకేరియాన్‌నూ వెల్వెట్‌నూ చంపుతుంది, అదీ నీటిలో ఈదే దశలోనే. లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల స్వేచ్ఛా కాపర్ వారాల తరబడి నిలకడగా ఉండాలి. తగ్గితే జబ్బు బతుకుతుంది, పెరిగితే చేప చస్తుంది. రోజూ కొలవాల్సిందే. లైవ్ రాక్ (జీవులు నివసించే రాయి), ఇసుక దాన్ని పీల్చేస్తాయి, పగడాలకూ రొయ్యలకూ అది విషం, కాబట్టి ప్రధాన ట్యాంకులో వేయకూడదు. ఉప్పునీటి సాపేక్ష సాంద్రతను 1.009కి దించితే క్రిప్టోకేరియాన్ పెంకులు పగిలిపోతాయి, వెల్వెట్ మాత్రం చలించదు. మూడు రోజులకోసారి శుభ్రమైన పొడి తొట్టెలోకి నాలుగుసార్లు మార్చితే, ఏ మందూ లేకుండానే క్రిప్టోకేరియాన్‌ను వెనక వదిలేయొచ్చు. ఆ పద్ధతి బ్రూక్లినెల్లాకు పనికిరాదు, అది చేపతోనే వస్తుంది. ఫ్లూక్‌లకు ప్రజిక్వాంటెల్ వేయాలి, గుడ్లకు అది తగలదు గనుక కొన్ని రోజులాగి మళ్లీ వేయాలి. మలేరియా మందు క్లోరోక్విన్ వెల్వెట్‌కు పనిచేస్తుంది. పేరు తెలియకుండా ఇన్నింటిలో సరైనది ఎలా ఎంచుకుంటాం?

“క్వారంటైన్ తొట్టె పెడితే అదే చేపకు ఒత్తిడి, పైగా ఖర్చు” అంటారు. రాళ్లూ ఇసుకా లేని మామూలు తొట్టె, హీటర్, స్పాంజి ఫిల్టర్, దాక్కోవడానికి పైపుముక్క ఉంటే చాలు. అన్నీ కలిపినా ఒక పౌడర్ బ్లూ టాంగ్ చేప పోతే పడే నష్టం కన్నా తక్కువే. నెల రోజులు ఒంటరిగా ఉండటం ఒత్తిడేనని ఒప్పుకుంటాను. మొప్పలు పుళ్లు పడి ఊపిరాడకపోవడం అంతకన్నా పెద్ద ఒత్తిడి.

ఈ పాఠం కోసం పై దేశాల వైపు చూడక్కర్లేదు. మా భీమవరం వైపు రొయ్యల రైతులకు అది ఎప్పుడో వచ్చు. వాళ్ల తెల్లమచ్చ వైరస్ వల్ల వచ్చేది, దీనికీ దానికీ పోలిక పేరు వరకే. 1994-95లో అది తూర్పు తీరాన్ని తుడిచిపెట్టింది. టైగర్ రొయ్య చెరువులు రోజుల్లో ఖాళీ అయ్యాయి. అప్పుడు కూడా వాతావరణం, నీరు, దిష్టి అన్నవాళ్లున్నారు. నష్టపోయి నేర్చుకున్నారు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చినప్పటి నుంచి పై దేశాల తల్లిరొయ్యలు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రం దాటాకే హేచరీకి చేరతాయి. రొయ్యపిల్లలు (సీడ్) కొనేముందు రైతు ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్ష చేయిస్తాడు. మా బాబాయ్ అంటుంటాడు: “జబ్బు పేరు తెలీకుండా మందు చల్లితే చెరువు నీది కాదురా, మందుల కొట్టువాడిది.” లక్షల రూపాయల పంట మీద ఆ రైతు చూపే క్రమశిక్షణ, ప్రాణం కోసం పెంచుకుంటున్నామని చెప్పుకునే మనకు లేకపోవడం తలవంపులు.

మన ట్యాంకుల్లోని సముద్రపు చేపల్లో ఎక్కువ భాగం పగడపు దిబ్బల్లో పట్టి తెచ్చినవే. సముద్రంలోనూ ఈ పరాన్నజీవులున్నాయి. అక్కడ రెండు వందల పిల్లల్లో ఒకదానికి చేప దొరకడం కూడా కష్టం. రెండు వందల లీటర్ల పెట్టెలో చాలావాటికి దొరుకుతుంది. ఆ పెట్టె మనం కట్టిందే, చేపను అందులో పెట్టిందీ మనమే. కాబట్టి దాని ఒంటి మీద ఏముందో చూసే బాధ్యత మనది. అమ్మేవాళ్లు కొత్త సరుకును విడిగా ఉంచి పరీక్షించి అమ్మాలి, కొనేవాళ్లు ఆ మాట అడిగి కొనాలి, సలహా ఇచ్చేవాళ్లు “ఒత్తిడి” అనేముందు “స్లైడ్ చూశారా?” అనాలి.

ఆనాటి జతలో మిగిలిన ఒక్క క్లౌన్ చేప ఇప్పటికీ నా దగ్గరుంది. మేతవేళకు గాజు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. దాన్ని బతికించింది నా ప్రేమ కాదు, పోయినదాని మీదా నాకు అంతే ప్రేమ ఉండేది. దీని జబ్బుకు పేరు తెలిసింది, దానికి తెలియలేదు.